సోలో మైనింగా, పూల్ మైనింగా? ముందు కరెంటు బిల్లు తీసి చూడండి

మా ఇంట్లో వైఫై రూటర్ పక్కన అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి ఏడాది పైగా ఆగకుండా పనిచేస్తోంది. నెత్తిన చిన్న ఫ్యాను, పక్కన అగ్గిపెట్టెలో సగం ఉండే స్క్రీను. పేరు బిట్‌యాక్స్, బిట్‌కాయిన్ మైనింగ్ చేసే బుల్లి మెషీన్. అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా అదేం చేస్తుందిరా అని అడుగుతుంది. లాటరీ టికెట్లు గీకుతుందమ్మా, సెకనుకు లక్ష కోట్ల టికెట్లు అంటాను. "మరి ఒక్కటీ తగల్లేదా?" లేదు. "అయితే తీసెయ్, కరెంటు దండగ."

తీసెయ్యలేదు. మైనింగ్ అంటే ఆ గీకుడే. బిట్‌కాయిన్ లావాదేవీల పుస్తకంలో కొత్త పేజీ (బ్లాక్) చేర్చే హక్కు కోసం మెషీన్లు పోటీ పడతాయి, ఒక్కో ప్రయత్నాన్ని హ్యాష్ అంటారు, గెలిచినవాళ్లకు కొత్త నాణేలు బహుమతి. ఒంటరిగా ఆడితే సోలో, నలుగురితో కలిసి ఆడి పంచుకుంటే పూల్. అందుకే ఎవరైనా వచ్చి "మైనింగ్ మొదలుపెడదామనుకుంటున్నా, సోలో మంచిదా పూల్ మంచిదా" అని అడిగితే నేనూ అమ్మ అడిగినట్టే అడుగుతాను: మీ ఇంటి కరెంటు యూనిట్ ఎంత? ఆ అంకె తెలియకుండా సోలో, పూల్ అని వాదించుకోవడం పిల్ల కుదరకముందే కల్యాణ మండపం బుక్ చేసుకోవడమే.

లెక్క ఒకసారి వేద్దాం. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో సగటున పది నిమిషాలకో బ్లాక్, రోజుకు 144. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (బహుమతి సగానికి తగ్గడం) తర్వాత బ్లాక్‌కు 3.125 బిట్‌కాయిన్లు, అంటే రోజుకు 450 కొత్త నాణేలు. ప్రపంచంలోని మెషీన్లన్నీ కలిపి 2025లో సెకనుకు వెయ్యి ఎక్సాహ్యాష్‌ల మార్కు తాకాయి, అంటే వంద కోట్ల టెరాహ్యాష్‌లు (ఒక టెరాహ్యాష్ లక్ష కోట్ల హ్యాష్‌లు). లెక్క తేలిక అవుతుంది కాబట్టి ఆ వెయ్యినే పట్టుకుందాం. బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుందాం. మీరు చదివే రోజుకు రెండూ మారిపోయి ఉంటాయి, ఆ రోజు అంకెలు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

యాంట్‌మైనర్ ఎస్21 అనే పెద్ద మైనింగ్ మెషీన్ ఒకటి కొన్నారనుకోండి. 200 టెరాహ్యాష్‌లు, 3,500 వాట్లు. మొత్తం నెట్‌వర్క్‌లో మీ వాటా యాభై లక్షల్లో ఒకటి. పూల్‌లో పెడితే రోజుకు దాదాపు 9,000 సతోషీలు (బిట్‌కాయిన్‌ను పది కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క సతోషీ) వస్తాయి, రూపాయల్లో 720. సోలోలో పెడితే సగటున 95 ఏళ్లకో బ్లాక్. తగిలిన రోజు రెండున్నర కోట్లు. ఇప్పుడు రోజుకు 720 చొప్పున 95 ఏళ్లు కూడి చూడండి. అదీ రెండున్నర కోట్లే.

చాలామంది పట్టించుకోనిది ఇదే. పూల్‌లో చేరితే ఎక్కువ రాదు, సోలోలో చేస్తే తక్కువ రాదు. సగటు రెండిట్లోనూ ఒకటే, పూల్ తన ఫీజు కోసుకుంటుంది కాబట్టి అక్కడ పిసరంత తక్కువ. తేడా అంతా ఆ డబ్బు చేతికొచ్చే తీరులో ఉంది. ఒకటి రోజు కూలీ, ఇంకోటి ఓణం బంపర్ లాటరీ.

మరి ఖర్చు? 3,500 వాట్ల మెషీన్ రోజంతా నడిస్తే 84 యూనిట్లు. నెలకు 2,520. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా ఇంటి కనెక్షన్ మీద అంత వాడితే పై స్లాబులోకి పోతారు, యూనిట్ పది రూపాయల దరిదాపుల్లో పడుతుంది. రోజుకు 840 రూపాయలు. వచ్చేది 720. ఫీజు, మెషీన్ ఖరీదు, ఫ్యాన్లు పోతే మార్చే ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ నష్టాన్ని పూల్ మీకు రోజూ చూపిస్తుంది. సోలోలో అది కనిపించదు. రెండున్నర కోట్ల ఆశ దానికి అడ్డంగా నిలబడుతుంది కాబట్టి నెలనెలా పాతిక వేలు పోతున్నా నొప్పి తెలియదు. నా దృష్టిలో సోలోతో అసలు ప్రమాదం ఇదే.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2022 నుంచి మన దేశంలో క్రిప్టో మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను, సెస్‌తో కలిపి 31.2. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ మినహాయించుకోవడానికి లేదు. మైనింగ్‌కు పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చును కొన్న ధరగా పరిగణించబోమని ఆర్థిక శాఖ ఆ ఏడాదే పార్లమెంటులో చెప్పింది. అంటే ఆ 720లో 225 పన్నుకు పోయి చేతికి 495 మిగులుతుంది, 840 కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా మీదే. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ కోత సరే సరి. ఈ ముక్క చెప్పకుండా "నెలకు ఇంత ఆదాయం" అని ఊరించే వీడియోలు తెలుగులో బోలెడున్నాయి.

ఇక సోలోను బోరుబావితో పోల్చి చూద్దాం. అనంతపురం వైపు, నల్గొండ వైపు బోర్లు వేయించిన కుటుంబాల్లో పుట్టినవాళ్లకు సోలో మైనింగ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మూడొందల అడుగులు అయ్యింది, తడి లేదు. ఇంకో యాభై వేద్దాం. అదీ అయ్యింది. ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడు ఆపితే ఎలా? అలా అప్పుల్లోకి దిగుతారు. పోనీ బోరులో కనీసం లోతుకు పోతున్నామన్న నిజమైనా ఉంది. మైనింగ్‌లో అదీ లేదు. ప్రతి హ్యాష్ కొత్త టికెట్టే. నిన్నటిదాకా ఎన్ని గీకారో నెట్‌వర్క్‌కు తెలియదు, అక్కర్లేదు. రెండేళ్లు నడిపినవాడికీ ఇవాళే ప్లగ్గు పెట్టినవాడికీ రేపు ఉదయం అవకాశం సమానం. సగటు వెయిటింగ్ 95 ఏళ్లు అంటే 95వ ఏట తప్పకుండా పడుతుందనీ కాదు. అంతకాలం నడిపినా ఒక్క బ్లాకూ దొరకని అవకాశం నూటికి 37. దానికి మూడింతలు ఓపిక పట్టినా ఖాళీ చేతులతో మిగిలే అవకాశం ఇంకా నూటికి 5 ఉంటుంది.

నేను వాడే కొలబద్ద ఇక్కడి నుంచే వచ్చింది. సగటు వెయిటింగ్ ఎంతో లెక్కకట్టండి. దానికి మూడింతల కాలం ఒక్క పైసా రాకపోయినా కరెంటు బిల్లు కట్టగలరా? కట్టగలిగితే సోలో ఆలోచించండి. లేకపోతే పూల్. ఎస్21కి ఆ మూడింతలు 285 ఏళ్లు. బిట్‌కాయిన్‌లో సోలోగా సగటున నెలకో బ్లాక్ కావాలంటే అలాంటి మెషీన్లు 1,150 పైన, నాలుగు మెగావాట్ల కరెంటు ఉండాలి. అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన మైనింగ్ కంపెనీల్లో కూడా చాలావరకు పూల్‌లోనే ఉంటాయి. మారా లాంటివి సొంత పూల్ పెట్టుకున్నాయి.

పూల్ పద్ధతి 2010 చివర్లో పుట్టింది. చెక్ దేశపు ప్రోగ్రామర్ మారెక్ పలాటినస్ మొదలుపెట్టిన ఆ పూల్‌ను స్లష్ పూల్ అనేవాళ్లు, ఇప్పుడు బ్రెయిన్స్ పూల్. ఆలోచన మన తీరంలో వేటకెళ్లే బోటుకు దగ్గరగా ఉంటుంది. వల అందరూ లాగుతారు, పడ్డ చేపను వాటాలు వేసుకుంటారు. ఎవరు ఎంత లాగారో తెలియాలి కదా, దానికి పూల్ ఒక తేలిక పరీక్ష పెడుతుంది. అసలు బ్లాక్‌కు కావలసిన కష్టమైన హ్యాష్ కాకపోయినా, దానికంటే బాగా సులువైన హ్యాష్ దొరికినప్పుడల్లా మీ మెషీన్ పంపుతుంది. దాన్నే షేర్ అంటారు. పని చేస్తున్నారనడానికి అదే సాక్ష్యం.

"అసలు బ్లాక్ నా మెషీన్‌కే తగిలితే పూల్‌కు పంపకుండా నేనే ఉంచుకోవచ్చు కదా" అని కొత్తవాళ్లు తెలివిగా అడుగుతారు. కుదరదు. మీకిచ్చిన బ్లాక్‌లోనే బహుమతి ఏ అడ్రస్‌కు వెళ్లాలో పూల్ ముందే రాసి పెడుతుంది. ఆ అడ్రస్ మారిస్తే హ్యాష్ మొత్తం మారిపోతుంది, మీకు దొరికింది చెల్లదు.

పూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు శాతం కన్నా ముందు చెల్లింపు పద్ధతి చూడండి. పీపీఎస్ అంటే రోజు కూలీ. పంట పండినా ఎండినా షేర్‌కు ఇంత అని ఆసామి ఇచ్చేస్తాడు, నష్టభయం ఆయనదే, అందుకే ఫీజు ఎక్కువ. పీపీఎల్‌ఎన్‌ఎస్ అంటే పాలికి చేయడం. పూల్‌కు బ్లాక్ తగిలితేనే పంపకం, అదీ ఈమధ్య పంపిన షేర్ల లెక్కన. ఫీజు తక్కువ, కానీ పూల్ చిన్నదైతే ఎదురుచూపులు తప్పవు. నెట్‌వర్క్‌లో ఒక శాతం ఉన్న పూల్‌కు రోజుకు ఒకటో రెండో బ్లాకులు పడతాయి. శాతంలో వందో వంతు ఉన్న పూల్‌కైతే సగటున 70 రోజులకొకటి. పూల్ అనే పేరున్నా అది సగం సోలోనే. మెషీన్‌ను రోజూ ఆన్, ఆఫ్ చేసేవాళ్లకు, సాయంత్రాలు మాత్రమే నడిపేవాళ్లకు పాలికి సరిపడదు, కూలీయే నయం.

కూలీలోనూ ఒక మెలిక ఉంది. మామూలు పీపీఎస్‌లో కొత్త నాణేల వాటా మాత్రమే ఇస్తారు, లావాదేవీల ఫీజు పూల్ దగ్గరే ఉంటుంది. ఎఫ్‌పీపీఎస్‌లో అదీ పంచుతారు. మామూలు రోజుల్లో తేడా చిల్లరే. 2024 ఏప్రిల్ 20న వచ్చిన 8,40,000వ బ్లాక్ మాత్రం వేరే కథ. హాల్వింగ్ జరిగిన బ్లాక్ అది, బహుమతి 3.125 నాణేలు, జనం ఎగబడడంతో ఫీజులే 37 బిట్‌కాయిన్ల పైన వచ్చాయి. అలాంటి బ్లాక్ సోలోలో తగిలితే మొత్తం మీ జేబులోకే.

కనీస చెల్లింపు మొత్తం కూడా అడిగి తెలుసుకోండి. నేను 2021లో రెండు గ్రాఫిక్స్ కార్డులతో ఈథర్ అనే ఇంకో క్రిప్టో నాణెం మైనింగ్ చేసినప్పుడు ఫీజు తక్కువని ఒక చిన్న పూల్‌లో చేరాను. బ్యాలెన్స్ ఒక హద్దు దాటితేగానీ వాలెట్‌కు పంపేవాళ్లు కాదు. హద్దుకు కాస్త దూరంలో ఉండగా ఓ సోమవారం పొద్దున సైట్ తెరుచుకోలేదు. తర్వాత ఎప్పుడూ తెరుచుకోలేదు. పోయింది పెద్ద మొత్తమేమీ కాదు, ఒక మంచి బిర్యానీ విందు ఖర్చు. కానీ పూల్‌లో ఉన్న బ్యాలెన్స్ మన డబ్బు కాదు, వాళ్లు మనకు ఇవ్వాల్సిన బాకీ అని ఆ రోజు బుర్రకెక్కింది. (ఈథర్ మైనింగే 2022 సెప్టెంబరు 15న ఆగిపోయింది. ఇప్పటికీ "ఈథర్ మైనింగ్ కోర్సు" అమ్మేవాళ్లు కనిపిస్తే దండం పెట్టి పక్కకు తప్పుకోండి.)

సోలో వైపు వాదించేవాళ్లు ఎప్పుడూ చూపించే ఉదాహరణ 2022 జనవరిది. 126 టెరాహ్యాష్‌లు మాత్రమే ఉన్న ఒక సోలో మైనర్‌కు బ్లాక్ తగిలింది, అప్పటి బహుమతి 6.25 బిట్‌కాయిన్లు. ఇది నిజంగానే జరిగింది. ఆ తర్వాతా ఏటా కొందరికి తగులుతూనే ఉంది. తగలనివాళ్ల వార్త ఏ పేపర్లోనూ రాదు, అంతే తేడా.

ఆ అదృష్టవంతుడు వాడింది సీకే పూల్ అనే సర్వీసు. పేరులో పూల్ ఉన్నా అది సోలోకే. ఆస్ట్రేలియాకు చెందిన కాన్ కొలివాస్ నడుపుతారు, వృత్తిరీత్యా మత్తు డాక్టరు, లినక్స్ కెర్నల్ పనితోనూ పేరున్నవారు. బ్లాక్ మీకు తగిలితే 98 శాతం నేరుగా మీ అడ్రస్‌కే, ఆయనకు 2 శాతం, తగలకపోతే ఏమీ ఇవ్వక్కర్లేదు. సోలో చేయాలంటే సొంతంగా ఫుల్ నోడ్ (ఆ లావాదేవీల పుస్తకం, అంటే బ్లాక్‌చెయిన్, మొత్తం దాచి సరిచూసే కంప్యూటర్) నడపాలన్న భయం చాలామందికుంది, అది తప్పనిసరి కాదు. నోడ్ నడిపితే ఫీజు మిగులుతుంది, ఎవరినీ నమ్మే పని ఉండదు. కానీ బ్లాక్‌చెయిన్ మొత్తం దాచుకోవాలంటే ఒక టెరాబైట్ డిస్క్ దాదాపు దానికే అంకితం. ఇంటి ఇంటర్నెట్ సరిగ్గా ఆ నిమిషంలోనే పడుకుంటే, మీ బ్లాక్ చేరేలోపు ఇంకొకరి బ్లాక్ ఊరంతా తిరిగేస్తుంది. అప్పుడు ఏడ్వడానికి కూడా నోరు రాదు.

పెద్ద మెషీన్ ఇంట్లో పెట్టాలనుకునేవాళ్లకు ఇంకో మాట. 3,500 వాట్లు అంటే 230 వోల్టుల మీద 15 ఆంపియర్ల పైన, రాత్రీ పగలూ ఆగకుండా. గీజర్ ప్లగ్గు అరగంట కోసం పెట్టింది, ఏడాది పొడుగునా కాదు. మా కాలనీలో ఒకాయన అలాగే పెట్టాడు, మూడో వారానికి సాకెట్ కమిలి ప్లాస్టిక్ వాసన వచ్చింది, అదృష్టం బాగుండి ఇంట్లో మనుషులున్నారు. విడిగా వైరు, విడిగా ఎంసీబీ, డిస్కంలో శాంక్షన్డ్ లోడ్ పెంచుకోవడం, ఇవన్నీ అయ్యాకే మెషీన్ కొనాలి. ఇక చప్పుడంటారా, పక్క గదిలో వ్యాక్యూమ్ క్లీనర్ ఆగకుండా నడుస్తున్నట్టు ఉంటుంది. వేడి సంగతి మే నెలలో తెలుస్తుంది: మెషీన్‌కో బిల్లు, ఆ గది చల్లబరిచే ఏసీకి ఇంకో బిల్లు. కెనడాలో ఉన్న మావాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. చలికాలంలో ఎలాగూ కరెంటు హీటర్ వేయాలి, దాని బదులు మైనర్ వేస్తే వేడి ఊరికే వచ్చినట్టే. అలాంటి ఇంట్లో పూల్ నుంచి వచ్చే ప్రతి సతోషీ మిగులు.

అన్నీ బిట్‌కాయిన్ లాగే ఉండవు. మొనేరో అనే ఇంకో నాణెం తీసుకోండి. 2019 నవంబరు నుంచి దాని పద్ధతి రాండమ్‌ఎక్స్, మామూలు కంప్యూటర్ ప్రాసెసర్‌కు అనుకూలంగా తయారుచేసింది. రెండు నిమిషాలకో బ్లాక్, ఒక్కోదానికి 0.6 నాణెం. నెట్‌వర్క్ మొత్తం సెకనుకు 500 కోట్ల హ్యాష్‌లు, మీ డెస్క్‌టాప్ 20 వేలు చేస్తుందనుకుంటే, సోలోలో సగటు వెయిటింగ్ 350 రోజుల లోపే. మూడింతలంటే మూడేళ్లు. ఇంట్లో ఎలాగూ ఉన్న కంప్యూటర్‌తో ఆ పందెం కాయొచ్చు. అక్కర్లేదంటే మధ్యేమార్గం ఒకటుంది, 2021లో వచ్చిన పీ2పూల్. అది పూలే, కానీ యజమాని లేడు. ఫీజు లేదు, బ్యాలెన్స్ ఎవరి దగ్గరా నిలవ ఉండదు, బ్లాక్ పడగానే వాటాలు నేరుగా అందరి వాలెట్లకూ వెళ్తాయి. నా పాత ఈథర్ పూల్ అనుభవం తర్వాత ఇలాంటిది చూస్తే ప్రాణం లేచొచ్చింది. మొనేరో చేసేవాళ్లు సోలో, పూల్ అని తల బద్దలుకొట్టుకోకుండా నేరుగా దీనికే వెళ్లండి అంటాను.

బిట్‌కాయిన్‌లో పూల్ ఎంచుకునేవాళ్లు పెద్దదే కదా భద్రం అని గుడ్డిగా అతిపెద్ద దాంట్లో చేరొద్దు. 2014 జూన్‌లో జీహ్యాష్ అనే ఒక్క పూల్ నెట్‌వర్క్‌లో సగం మార్కు తాకింది, అంత బలం ఒకరి చేతిలో ఉంటే లావాదేవీలు తారుమారు చేయొచ్చని అప్పట్లో పెద్ద గోల. ఇప్పుడు కూడా ఫౌండ్రీ, యాంట్‌పూల్ రెండూ కలిపితే సగం దరిదాపుల్లో ఉంటున్నాయి. రోజుకు ఒకటి రెండు బ్లాకులు పట్టే మధ్యరకం పూల్ చాలు, మీ ఆదాయంలో ఒడుదొడుకులు ఎలాగూ అక్కడే సర్దుకుంటాయి.

ఇక మూడో రకం ఒకటి ఎదురవుతుంది: మెషీన్ మీ ఇంట్లో ఉండదు, డబ్బు కడితే "మేమే మైనింగ్ చేసి పంపుతాం" అంటారు. ఇది సోలో కాదు, పూల్ కాదు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమ్ పద్దెనిమిది నెలల పాటు నెలకు పది శాతం అని చెప్పి దేశమంతా డబ్బులు పోగేసింది, చివరికి కేసు సీబీఐ దాకా పోయింది. పైన 720, 840 లెక్క చేశాం కదా. దాని పక్కన నెలకు పది శాతం పెట్టి చూసుకోండి.

మన ఊళ్లో ఇంటి కరెంటు మీద చేయాలనుకునేవాళ్లకు ఏం చెప్తానని అడిగితే, ఎస్21 లాంటి పెద్ద ఏసిక్ (మైనింగ్ కోసమే చేసిన మెషీన్) వద్దంటాను, సోలోలోనైనా పూల్‌లోనైనా. సరదా ఉంటే బిట్‌యాక్స్ లాంటిది ఒకటి తెచ్చుకుని సోలోలో పెట్టుకోండి. 1.2 టెరాహ్యాష్‌లు, 17 వాట్లు, ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ అంత. దీన్ని పూల్‌లో పెడితే రోజుకు 54 సతోషీలు, నాలుగు రూపాయల పైచిలుకు. కరెంటుకూ దాదాపు అంతే పోతుంది. కనీస చెల్లింపు 0.001 బిట్‌కాయిన్ అనుకున్నా అక్కడికి చేరడానికి ఐదేళ్లు. అంత చిల్లర కోసం లెక్కలు రాసుకుని పన్ను రిటర్నులో చూపించడం కన్నా ఆ నాలుగు రూపాయలతో రోజూ ఒక టికెట్ కొంటున్నాననుకోవడమే హాయి. ఎక్కడైతే యూనిట్ మూడు నాలుగు రూపాయలకు దొరుకుతుందో, పాత మెషీన్ కాకుండా కొత్తది పెట్టగలరో, అక్కడ పూల్ అసలైన వ్యాపారం. ఎఫ్‌పీపీఎస్‌తో మొదలుపెట్టి, ఆరు నెలల లెక్కలు చేతికొచ్చాక మిగతావి ఆలోచించండి.

సోలో పెట్టేవాళ్లు మాత్రం మొదటి రోజే ఒక పని చేయాలి. సెట్టింగుల్లో యూజర్‌నేమ్ చోట వాలెట్ అడ్రస్ పెడతారు. ఎక్స్‌చేంజ్ ఇచ్చిన డిపాజిట్ అడ్రస్ పెట్టొద్దు, రేపు వాళ్లు దాన్ని మారిస్తే దిక్కులేదు. సొంత వాలెట్ అడ్రస్ పెట్టండి, ఒక్కో అక్షరం సరిచూడండి. తగిలినా వెంటనే కదల్చలేరు, ఆ నాణేలు ఇంకో 100 బ్లాకులు దాటేదాకా, అంటే దాదాపు పదిహేడు గంటలు, తాళం వేసినట్టే ఉంటాయి. వాలెట్ తెరిచే పదాలు కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా పెట్టండి. నా బిట్‌యాక్స్‌కు సగటు వెయిటింగ్ 15,800 ఏళ్లు. కాగితం బీరువాలో అమ్మ పట్టుచీరల కింద పెట్టాను, ఎక్కడుందో ఆమెకు చూపించాను. "సరే గానీ, ఆ ఫ్యాను దుమ్ము పట్టింది, తుడువు" అంది.